నిద్ర తెచ్చిన మాత్ర

రేవు క్వార్టర్లు, మూడో అంతస్తు
మార్చి 6

అక్కా,

ముఖ్యమైన సంగతులు ఫోన్లో చెప్పొద్దని నీ ఆర్డరు కదా. "ఒక మాట మొదలుపెట్టి మూడో మాటకి ఇంకెక్కడో తేలతావు, కాగితం మీదైతే కనీసం వెనక్కి వెళ్లి చదువుకోవచ్చు" అంటావు. అందుకే రాస్తున్నా. కూర్చుని చదువు.

పోయిన నెల ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. నీకు చెప్పలేదు. స్టవ్ మీద పాలు పెట్టి, ఏదో గుర్తొచ్చి షాపుకి వెళ్లి, అక్కణ్ణించి ఇంకో షాపుకి వెళ్లి, తిరిగొచ్చేసరికి నా తలుపు పగలగొట్టి ఉంది. గదినిండా పొగ. పక్కింటావిడ చేతిలో మాడిన గిన్నె. ఆవిడ తిట్టినా బాగుండేది. జాలిగా చూసింది. ఆ చూపుకి సిగ్గేసి వెళ్లాను.

డాక్టరమ్మ రెండు గంటలు కూర్చోబెట్టి చిన్నప్పటినుంచీ అన్నీ అడిగింది. ఇంకో రెండుసార్లు రమ్మంది. చివరికి, "మీకు ధ్యాస ఒకచోట నిలవని సమస్య ఉంది, పుట్టుకతోనే ఉండి ఉంటుంది" అంది. తర్వాత కళ్లజోడు తీసి, "నలభై ఒక్క ఏళ్లు ఎలా నెట్టుకొచ్చారండీ?" అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఇంతకాలం అందరూ "ఎందుకిలా చేస్తావు?" అనే అడిగారు. ఎలా నెట్టుకొచ్చావని అడిగింది ఈవిడొక్కతే.

మాత్ర రాసింది. మెదడుని హుషారు చేసే మందట. మామూలు వాళ్లు వేసుకుంటే కళ్లు పత్తికాయల్లా చేసుకుని కూర్చుంటారట. నాలాంటి వాళ్లకి మాత్రం కుదురొస్తుందట.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి మొదటిది వేసుకున్నా. ముప్పావుగంటకి వంటింట్లో ఫ్రిజ్ రొద మొదలుపెట్టింది. అయ్యో, ఇదీ చెడిపోయిందా అని దగ్గరికెళ్లి చెవి పెట్టా. చెడిపోలేదక్కా. ఆ చప్పుడు పదేళ్లుగా ఉన్నదే. దాన్ని వినపడనివ్వకుండా నా బుర్రలో మోగే గోల ఆగిపోయింది, అంతే.

ఆ వంటింటి నేల మీదే కూర్చుండిపోయా. భయం కూడా వేసింది. ఏదో పెద్ద భవనంలోకి పొరపాటున వచ్చేసినట్టు, మెల్లగా ఊపిరి తీసుకున్నా. ఒక ఆలోచన వచ్చింది. అది వచ్చి, కూర్చుని, తన మాట పూర్తిచేసి వెళ్లింది. ఆ తర్వాతే రెండోది వచ్చింది. క్యూలో వచ్చినట్టు! మీ అందరి బుర్రల్లోనూ ఇలాగే ఉంటుందా? ఇంత స్థలం లోపల పెట్టుకుని మీరంతా ఇన్నేళ్లూ ఏం చేస్తున్నారే?

సోమవారం క్రేన్ ఎక్కా. పదిహేనంతస్తుల ఎత్తున ఆ గాజు గది, కాళ్ల కింద కూడా గాజు నేల, దాని కింద ఓడ. పద్నాలుగేళ్లుగా కంటైనర్లు ఎత్తి ఒడ్డున దించుతున్నా కదా, సముద్రం రంగు మధ్యలో మారుతుందని నిన్ననే చూశా. ఏటి నీళ్లు కలిసేచోట ఒక గీత ఉంది, గీసినట్టు. ఒకవైపు మట్టిరంగు, ఇంకోవైపు ఆకుపచ్చ. పద్నాలుగేళ్లు!

బావకి చెప్పు. నువ్వేమీ కంగారుపడకు.

నీ పిచ్చుక


నర్సరీ ఆఫీసు, కొండ కింద
మార్చి 17

పిచ్చుకా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండుసార్లు నాకోసం, ఒకసారి మీ బావకి గట్టిగా చదివి వినిపించడానికి. ఆయన అంతా విని, "ఆ గోల ఆగిపోయే మాత్ర నాకూ ఒకటి తెప్పించు, పక్కన నువ్వు ఉన్నా ఫ్రిజ్ చప్పుడు వినపడాలి" అన్నారు. నవ్వలేదు నేను.

నువ్వు రాసిన ఆ నిశ్శబ్దం గురించి మధ్యాహ్నం మొక్కల మధ్య నిలబడి ఆలోచించాను. నా లోపల ఎప్పుడూ అలాగే ఉంటుంది, నిజమే. అదొక వస్తువు అని, అది లేనివాళ్లు ఉంటారని నాకెప్పుడూ తోచలేదు. గాలి ఉందని ఎవరనుకుంటారు? రెండు నిమిషాలు నా బుర్ర నేనే విన్నాను, కొత్తగా. మొక్కలకి నీళ్లు పట్టే ఆవిడ, "ఏమైందమ్మా, కళ్లు తిరుగుతున్నాయా?" అని అడిగింది.

ఇప్పుడు అడగాల్సినవి అడుగుతాను. పొద్దున్న తిని వేసుకుంటున్నావా, ఉత్త కడుపునా? నిద్రపోతున్నావా? అన్నిటికంటే ముఖ్యం, రేవులో చెప్పావా? నువ్వు ఎత్తేది బస్తాలు కాదు. కింద మనుషులుంటారు. ఇలాంటి మందు వాడుతున్నానని మీ పైవాళ్లకి చెప్పాలని రూలు ఉండే ఉంటుంది.

ఇంకొకటి. చిన్నప్పటి సంగతులు అడిగిందన్నావు. స్కూలు సంగతులు కూడానా? అప్పట్లో టీచర్లెవరైనా గమనించారా అని అడిగిందా? ఊరికే తెలుసుకుందామని.

ఇక్కడ ఎండ అప్పుడే మండుతోంది. నారుకి పైన వల కట్టించాను. ఒంట్లో ఏ మార్పు ఉన్నా దాచకుండా రాయి.

అక్క


రేవు క్వార్టర్లు
ఏప్రిల్ 2

అక్కా,

నవ్వుతావు చూడు. నాకు నిద్రొస్తోంది!

మందుల షాపులో అమ్మాయి, "ఇది వేసుకుంటే నిద్ర పట్టదండీ, సాయంత్రం వేసుకోకండి" అని రెండుసార్లు హెచ్చరించి ఇచ్చింది. పరీక్షలప్పుడు పిల్లలు దొంగతనంగా కొనుక్కుని మరీ మేలుకుంటారట దీంతో. నేనేమో వేసుకున్న నాలుగు గంటలకి తలకాయ బల్ల మీద వాల్చేస్తున్నా. రెండో వారంలో మొదలైంది. ఇది బద్ధకం కాదు, బద్ధకం సంగతి నాకు తెలుసు. ఎముకల్లో తడి ఇసుక పోసినట్టుంటుంది. చెయ్యి ఎత్తాలంటే ముందు దాన్ని బతిమాలాలి.

మొన్న జుట్టు కత్తిరించుకుందామని వెళ్లా. ఆవిడ దువ్వెన పెట్టిందంతే. కళ్లు తెరిచేసరికి కత్తిరింపు అయిపోయింది, షాపులో లైట్లు సగం ఆర్పేసి, ఆవిడ పక్క కుర్చీలో టీ తాగుతోంది. "లేపాలనిపించలేదమ్మా, మీరు చాలా దూరం వెళ్లిపోయినట్టున్నారు" అంది. బస్సులో చివరి స్టాపుదాకా పోయా. డ్రైవరు వచ్చి, "ఏమ్మా, ఇల్లూ వాకిలీ లేదా?" అన్నాడు. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారే, ఇన్నేళ్లకి అర్థమైంది. కుంభకర్ణుడి చెల్లెలినని పేరు పెట్టుకుందామనుకున్నా, కానీ ఆయన చెల్లెలు ఎవరో గుర్తొచ్చి మానుకున్నా. ముక్కు నాకు ముఖ్యం.

నిజం చెప్పనా? భయం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. పగలు నిద్ర అంటే ఏమిటో తెలియని మనిషిని నేను. కాలు ఊపకుండా ఒక సినిమా చూడలేదు. అలాంటిది ఇప్పుడు ఒళ్లు తనంతట తను వచ్చి నా ముందు కూర్చుని, "ఇక నా వల్ల కాదు" అంటోంది. ఇన్నాళ్లూ ఎక్కడుందిది?

అడిగావుగా, తిండి: ఆకలి వెయ్యట్లేదు. మధ్యాహ్నం ఒక అరటిపండు తింటున్నా. డాక్టరమ్మ స్కూలు గురించి అడిగింది. టీచర్లెవరైనా ఏమైనా అన్నారా అంది. ఎవరూ ఏమీ అనలేదని చెప్పా. గోడకుర్చీ వేయించారు, చెవి మెలేశారు, అంతకంటే ఏం చేశారు మరి?

రేవు సంగతి నేను చూసుకుంటాలే.

పిచ్చుక


నర్సరీ ఆఫీసు
ఏప్రిల్ 11

పిచ్చుకా,

"చూసుకుంటాలే" అన్నావంటే చెప్పలేదని అర్థం. నువ్వు అయిదేళ్లప్పుడు కూడా పలక పగలగొట్టి ఇదే మాట అన్నావు.

నీ ఉత్తరం రెండో పేజీ చివర అక్షరాలు గీత మీంచి కిందికి జారాయి. "ఆశ్చర్యమే" అన్న మాట తర్వాత సిరా చుక్క పెద్దదిగా ఉంది, పెన్ను అక్కడే ఆగిపోయింది. రాస్తూ కునికావు. అవునా, కాదా?

నువ్వు నవ్విస్తే నేను నవ్వుతాను. కానీ ఈ నిద్ర కుర్చీలో వచ్చింది, బస్సులో వచ్చింది. పైన రాదని నీకెవరు చెప్పారు? రేపు పొద్దున్నే వెళ్లి చెప్పు. డాక్టరమ్మకి కూడా చెప్పు, పది రోజుల తర్వాత కాదు, రేపే. ఉద్యోగం పోతుందని భయమా? పోతే ఇక్కడికి రా. అంటు కట్టడానికి మనుషులు దొరక్క చస్తున్నాను.

నీకు చెప్పాల్సినది నా దగ్గరా ఒకటి ఉంది. నువ్వు చెప్పినాక చెబుతాను. ఇది బేరం కాదు. ముందు నీ కాళ్లు నేలమీద ఉండాలి, అంతే.

అక్క


రేవు, కాంటీను
ఏప్రిల్ 19

అక్కా,

నీ ఉత్తరం పద్నాలుగో తారీఖున వచ్చింది. చదివి జేబులో పెట్టుకుని పనికెళ్లా. మర్నాడు చెబుదామనుకున్నా. ఎప్పుడూ మర్నాడే కదా నాకు.

పదిహేనో తారీఖు, పొద్దున్న పదకొండున్నర. కింద రేడియోలో పెద్దాయన. ఆయన గురించి చెప్పానా? ఓడ డెక్కు మీద నిలబడి, ఎక్కడ దించాలో రేడియోలో చెప్పే మనిషి. ముప్ఫై ఏళ్ల సర్వీసు, నన్ను "పిల్లా" అంటాడు. కంటైనర్ ఎత్తా. గాలి లేదు, ఎండ బాగుంది, బుర్రలో ఆ నిశ్శబ్దం. రెప్ప వేసి తీశానంతే. నిద్రపోయానని కూడా అనలేను. కానీ రెప్ప తీసేసరికి కంటైనర్ నేననుకున్న చోట లేదు. ఓడ దాటి, ఒడ్డు గీత దాటి, లారీలు ఆగే వైపు వెళ్లిపోతోంది. నా చెయ్యి లివర్ మీదే ఉంది. దాన్ని పంపింది నా చెయ్యే.

"పిల్లా." రేడియోలో పెద్దాయన గొంతు. అరవలేదు. "పిల్లా, ఆపు."

ఆపా. ముప్ఫై టన్నులక్కా. అది కాసేపు అటూ ఇటూ ఊగింది. గాజు నేలలోంచి చూస్తే దాని నీడ ఒక లారీ మీదా, లారీ పక్కన నిలబడి బూటు లేసు కట్టుకుంటున్న మనిషి మీదా వచ్చి పోతోంది, వచ్చి పోతోంది. ఆ మనిషి తలెత్తనైనా లేదు. ఊగడం ఆగేదాకా నేను లివర్ కదపలేదు. ఖాళీ చోటు చూసి మెల్లగా దించా. గుడ్డుని దించినట్టు దించా.

"పెద్దాయనా, ఇవాళ ఇక నేను ఎత్తలేను."

"ఏమైంది?"

"నిద్రొస్తోంది."

రేడియోలో గరగర. తర్వాత, "అయితే దిగు. లిఫ్టు వద్దు, నిలబడి కునుకుతావు. మెట్లమీద రా. రెండు చేతులతో పట్టుకుని రా" అన్నాడు.

రెండొందల పన్నెండు మెట్లు. మధ్యలో రెండుసార్లు కూర్చున్నా. దిగేసరికి ఆయన ఓడ వదిలి వచ్చి మెట్ల మొదట్లో నిలబడి ఉన్నాడు. తిడతాడనుకున్నా. నీళ్ల సీసా చేతికిచ్చి నన్ను వింతగా చూశాడు. "ముప్ఫై ఏళ్లలో పైన నిద్రొచ్చినవాళ్లని నలుగుర్ని చూశా. నిద్రొస్తోందని చెప్పి దిగినదానివి నువ్వొక్కదానివే" అన్నాడు.

సేఫ్టీ ఆఫీసర్ దగ్గరికి నేనే వెళ్లా. మాత్రల సీసా బల్ల మీద పెట్టి అంతా చెప్పేశా. ఆయన మాత్రం తిట్టాడు. న్యాయంగా తిట్టాడు. "ఆరు వారాలు మా నెత్తిమీద ఎత్తావా?" అన్నాడు. మూడు నెలలు క్రేన్ ఎక్కకూడదు, రాతపూర్వకంగా హెచ్చరిక, డాక్టరు కాగితం, పరీక్ష. ఇప్పుడు గేటు దగ్గర గదిలో లారీ నంబర్లు సరిచూస్తున్నా.

ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లా. ముందు కోప్పడింది, మొదట్లోనే ఎందుకు చెప్పలేదని. కొందరికి ఈ మందుతో అలసట వస్తుందట. ఒక్కటే కారణం ఉండదట. మోతాదు నాకు ఎక్కువై ఉండొచ్చు. మందు దిగేటప్పుడు ఒళ్లు కుంగి ఉండొచ్చు. తిండి మానేశాను కాబట్టి అది కావచ్చు. రక్తం పరీక్షకి పంపింది. లేవబోతుంటే ఆగమని ఇంకో మాట చెప్పింది.

"ఇది నా ఊహ అనుకోండి. ఈ అలసట కొత్తది కాకపోవచ్చు. తెలియడం కొత్త. ఇన్నేళ్లూ మీరు ఒక పని చెయ్యడానికి మూడు పనుల కష్టం పడ్డారు. ఆ హడావుడిలో అలసట మీదాకా రాలేదు. ఇప్పుడు దారి దొరికింది, వచ్చింది."

ఒకటి అర్థమైందక్కా. పైన ఇన్నేళ్లూ నన్ను మేలుకొల్పి ఉంచింది భయం. తప్పు చేస్తే మనిషి పోతాడన్న భయమే నన్ను ఆ కుర్చీకి కట్టేసేది, అందుకే ఆ ఒక్క పనిలో నేను ఎప్పుడూ తప్పు చెయ్యలేదు. బుర్ర కుదుటపడింది, భయం సడలింది. దాంతో నిద్ర వచ్చి కూర్చుంది. పద్నాలుగేళ్లు నేను భయం తిని బతికానన్నమాట.

ఆ బూటు లేసు మనిషి ముఖం నేను చూడలేదు. రోజూ గేట్లోంచి పోయే ప్రతి లారీ డ్రైవర్నీ చూస్తున్నా, ఈయనేనా అని.

చెప్పేశా. ఇక నీది చెప్పు.

పిచ్చుక


నర్సరీ ఆఫీసు
మే 1

పిచ్చుకా,

నువ్వు దిగినందుకు ఆ మెట్లన్నిటికీ దండం పెట్టాలనిపించింది. ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను. మీ బావ ఏమిటని అడిగితే నారు లెక్కలన్నాను. ఆయనకి అబద్ధం చెప్పడం కూడా ఇదే మొదలు.

నువ్వు నాలుగో తరగతిలో ఉన్నప్పుడు మీ క్లాసు టీచరు అమ్మకి ఉత్తరం రాసింది. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ బూడిదరంగు బట్టలు కట్టుకునే ఆవిడ. ఉత్తరం నా చేతికిచ్చి పంపింది. నాకు పదహారేళ్లు. అమ్మకి చదువు రాదు కదా, ఇంట్లో కాగితాలన్నీ చదివి చెప్పేది నేనే. అమ్మ గిన్నెలు తోముతూ, "ఏం రాసిందే?" అంది.

అందులో నిన్ను పట్నంలో పిల్లల డాక్టరుకి చూపించమని ఉంది. నీకు తెలివి తక్కువ కాదని, కుదురు లేకపోవడానికి ఏదో కారణం ఉందని, తనకి తెలిసిన డాక్టరున్నాడని, తనే చీటీ రాసిస్తానని.

నేను అమ్మకి ఇలా చదివాను: "మీ పిల్ల బాగా చదువుతోంది. అల్లరి కొంచెం తగ్గించుకోవాలి."

ఎందుకంటే, మన వీధి చివరింట్లో ఒక పిల్లని డాక్టరుకి చూపించాక బడి మాన్పించి గదిలో పెట్టారు, గుర్తుందా? కిటికీలోంచి చేతులు చాపేది. నిన్నూ అలా చేస్తారని భయపడ్డాను. ఇది నిజం. కానీ సగం నిజం. పట్నం వెళ్లాలంటే అమ్మకి తోడు నేను వెళ్లాలి. ఆ వారంలో నా పరీక్షలు. ఆ సగం ఇన్నేళ్లూ నాకు నేను కూడా చెప్పుకోలేదు.

ఆ తర్వాత నువ్వు పదో తరగతి రెండుసార్లు తప్పావు. అమ్మ నిన్ను మొద్దు అంది. నేను పక్కనే ఉన్నాను. నేను కూడా అన్నాను. అన్నీ తెలిసి అన్నాను.

డాక్టరమ్మకి "ఎవరూ ఏమీ అనలేదు" అని చెప్పానని రాశావు. ఆ మాట చదివిన దగ్గర్నించి నాకు తిండి సయించలేదు. ఒకరు అన్నారు. నేను నీదాకా రానివ్వలేదు.

క్షమించమని అడగడానికి రాయలేదు. నీకు తెలియాలని రాశాను.

అక్క


రేవు క్వార్టర్లు
మే 9

అక్కా,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. ఇప్పుడేమీ రాయలేను. ఫోన్ చెయ్యకు. తింటున్నాను, పడుకుంటున్నాను, ఆ కంగారేమీ పెట్టుకోకు.


నర్సరీ ఆఫీసు
జూన్ 12

పిచ్చుకా,

ఫోన్ చెయ్యకన్నావు, రాయొద్దనలేదు. ఆ సందు పట్టుకుని రాస్తున్నాను.

టీచరు ఉత్తరాన్ని నేను చింపలేదు. ఎందుకో తెలియదు. పెళ్లయి వచ్చేటప్పుడు నా పుస్తకాల్లో పెట్టుకుని తెచ్చాను. ముప్ఫై రెండేళ్లుగా నా దగ్గరే ఉంది. అది నీది. దీంతోపాటు పంపిస్తున్నాను. మడతల దగ్గర చిరుగుతోంది, మెల్లగా విప్పు.

నేను అమ్మకి చదవని వాక్యాలు ఇంకా ఉన్నాయి అందులో. నీకూ రాయలేదు. నా నోటితో కాకుండా ఆవిడ చేతిరాతలోనే చూడు.

మీ బావకి చెప్పేశాను. ఆయన, "ఆ పిల్ల వస్తే గది శుభ్రంగా ఉండాలి" అని వెళ్లి చిన్న గదికి సున్నం వేయడం మొదలుపెట్టారు. మూడు రోజులుగా వేస్తూనే ఉన్నారు. అంత పెద్ద గదేం కాదు అది.

అక్క


రేవు క్వార్టర్లు
జులై 28

అక్కా,

ముందు మంచి కబురు. నిన్న క్రేన్ ఎక్కాను. ఎలా జరిగిందో మొదట్నించి రాస్తా, ఇప్పుడు నాకు మొదట్నించి రాయడం వచ్చు.

రక్తంలో ఇనుము బాగా తక్కువుందని తేలింది. దానికి మందు ఇచ్చారు. పాత మాత్ర మోతాదు సగం చేశారు, నెల తర్వాత రకం కూడా మార్చారు. పొద్దున్న రెండు గుడ్లు, రొట్టె, పాలు. ఆకలి ఉన్నా లేకపోయినా తినాలి, తిన్నాకే మాత్ర. తొమ్మిదిన్నరకల్లా పడక. మొదటి మూడు వారాలూ గేటు గదినుంచి ఇంటికొచ్చి పడుకుంటే మళ్లీ పొద్దున్నకే లేవడం. పక్కింటావిడ భయపడి, నేను కొత్త తాళం చెవి ఒకటి తనకిచ్చి ఉంచాలే, వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వెళ్లేదట! మెల్లగా ఆ ఇసుక తగ్గింది. అంతా పోలేదు. మధ్యాహ్నం మూడింటికి ఇప్పటికీ వస్తుంది, కానీ ముందుగా తలుపు కొట్టి వస్తుంది. అది రాకముందే నేను దిగిపోయేలా షిఫ్టు వేశారు. వారానికోసారి రిపోర్టు ఇవ్వాలి.

పరీక్షకి సేఫ్టీ ఆఫీసర్ నా వెనక నిలబడ్డాడు. కింద పెద్దాయన. నలభై కంటైనర్లు. ఒక్కటీ అంగుళం పక్కకి పోలేదు. అయ్యాక పెద్దాయన రేడియోలో, "పిల్లా, నిద్రొస్తోందా?" అన్నాడు. "ఆకలేస్తోంది" అన్నా. కింద డెక్కు మీద అందరూ నవ్వడం పైకి వినిపించింది.

ఇప్పుడు నీ సంగతి.

కోపం వచ్చిందక్కా. నేనెప్పుడూ కోపిష్టిదాన్నే, నీకు తెలుసు. కానీ నా కోపాలు చింతనిప్పులు కావు, చిచ్చుబుడ్లు. భగ్గుమని లేచి, ఎందుకు లేచాయో మర్చిపోయి ఆరిపోయేవి. ఈ కోపం అలా పోలేదు. పొద్దున్న లేస్తే ఉంది. లారీ నంబర్లు చూస్తుంటే ఉంది. ఒకే కోపం, నలభై రోజులు. నా జీవితంలో ఒక కోపాన్ని మొదట్నించి చివరిదాకా పట్టుకోవడం ఇదే మొదటిసారి. భలే బరువు సుమా అది! మీరందరూ ఇలాంటివి మోస్తూ పనులెలా చేసుకుంటారో.

రెండుసార్లు తప్పిన పదో తరగతి లెక్కలోకి తీసుకున్నా. పోయిన ఉద్యోగాలు, నన్ను భరించలేక వెళ్లిపోయిన మనిషి, అమ్మ చివరిదాకా నా గురించి పడిన దిగులు. అన్నీ తెచ్చి నీ ముందు పోశా, మనసులో. ఒక రోజు గట్టిగా తిట్టా కూడా. పక్కింటావిడ గోడ కొట్టింది.

తర్వాత టీచరు ఉత్తరం వచ్చింది. వారం రోజులు విప్పలేదు. విప్పాక, నువ్వు చదవని ఆ వాక్యాలు కనిపించాయి. నీకు కంఠతా వచ్చే ఉంటాయి. అయినా రాస్తా, నా చేత్తో ఒకసారి రాయాలని ఉంది.

"అమ్మా, మీ చిన్నమ్మాయి కష్టపడదని అందరూ అనుకుంటున్నారు. నా క్లాసులో అందరికంటే ఎక్కువ కష్టపడేది ఆ పిల్లే. ఆ కష్టమంతా కుదురుగా కూర్చోవడానికే ఖర్చయిపోతోంది. సాయంత్రం గంట కొట్టేసరికి ఆ ముఖం చూస్తే నాకు దిగులేస్తుంది. తొమ్మిదేళ్ల పిల్ల ముఖంలో అంత అలసట ఉండకూడదు."

అక్కా, ఆవిడ చూసిందే! నాకే తెలియని అలసట, డాక్టరమ్మ ఊహ అన్న అలసట, తొమ్మిదేళ్లప్పుడే ఒకావిడ నా ముఖంలో చదివి కాగితం మీద పెట్టింది. నేను గోడకుర్చీలే గుర్తుపెట్టుకున్నా. ఆ బూడిదరంగు బట్టల ఆవిడ నా చేత ఒక్కసారి కూడా గోడకుర్చీ వేయించలేదని ఆ రోజు గుర్తొచ్చింది. ఆ కాగితం ఒళ్లో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. కనపడ్డానే నేను! ఒకరు చూశారు!

అప్పుడు చూపిస్తే బాగుపడేదాన్నా, ఆ చివరింటి పిల్లలా అయిపోయేదాన్నా? ఎవరు చెప్పగలరు? నాకు తెలియదు, నీకూ తెలియదు. పదహారేళ్ల పిల్లకి అసలే తెలియదు. ఆ పిల్ల చేతిలో అంత బరువైన కాగితం పెట్టి పంపారు. ఆ పిల్ల మీద నాకు కోపం నిలవట్లేదు. నలభై ఎనిమిదేళ్ల నీ మీద ఇంకా కొంచెం ఉంది. అది నువ్వు ఎదురుగా కూర్చుంటే గానీ తీరదు. కాగితం మీద తిడితే నాకు తృప్తిగా లేదు.

ఆగస్టు రెండో ఆదివారం నాకు సెలవు. రా. బావని సున్నం ఆపమను.

నీ పిచ్చుక


నీ గది, కిటికీ పక్క కుర్చీలోంచి
ఆగస్టు, రెండో ఆదివారం, మధ్యాహ్నం

పిచ్చుకా,

ఒంటిగంటకి వచ్చాను. తలుపు కొడితే పక్కింటావిడ వచ్చి, "మీరు అక్కగారా? పడుకుంది, లేపకండి" అని తాళం తీసి వెళ్లింది. నీ ఇంట్లో నీకో కాపలాదారు ఉందని తెలియదు నాకు.

నువ్వు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నావు. దారి పొడుగునా నీతో అనాల్సినవి వరస పెట్టుకుంటూ వచ్చాను. అన్నీ పక్కన పెట్టి కూర్చున్నాను. రెండు గంటలైంది. ఏమీ తోచక నీ బల్ల మీద కాగితం తీసుకుని ఇది రాస్తున్నాను.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్పనా. పదేళ్లు మనమిద్దరం ఒకే పరుపు మీద పడుకున్నాం. నువ్వు నిద్రలో కూడా పరిగెత్తేదానివి. మోకాళ్లతో నా నడుం మీద పొడిచేదానివి, ఎవరినో పిలిచేదానివి, పళ్లు కొరికేదానివి, పొద్దున్నకి నీ తల నా కాళ్ల దగ్గర ఉండేది. పెళ్లై వెళ్లాక నేను మొదట మెచ్చుకున్నది మీ బావని కాదు, ఎవరూ తన్నని పరుపుని. అందరూ నీ పగటి అల్లరే చూశారు. నేను మాత్రం నువ్వు పడుకున్నా ఆగకపోవడం చూశాను. అయినా నాకు తట్టలేదు.

ఇప్పుడు నీ చెయ్యి దుప్పటి మీద ఉంది. అరచెయ్యి పైకి తిరిగి, వేళ్లు వదులుగా. ఈ రెండు గంటల్లో అది కదల్లేదు. రెండుసార్లు దగ్గరికి వచ్చి చూశాను, ఊపిరి ఆడుతోందా అని. ఆడుతోంది, నెమ్మదిగా, ఒకే లెక్కన. రేవులో ఓడ కూత పెట్టింది, నీ రెప్ప కూడా అదరలేదు. మొక్కలు పెంచేదాన్ని, ఎదుగుతున్నవాటి పక్కన చప్పుడు చెయ్యకుండా నిలబడటం నాకు అలవాటే. కానీ ఇలాంటిది నేను చూడలేదు. పుట్టినప్పటినుంచీ ఎరిగిన మనిషివి, ఇవాళే మొదటిసారి చూస్తున్నట్టుంది.

నువ్వు నిద్రపోతుంటే నీ ముఖం ఇలా ఉంటుందన్నమాట.

లేచాక తిట్టుదువుగాని. ఎంతసేపైనా తిట్టు, నేను రేపటి బస్సుకి టికెట్ తీసుకోలేదు. గుడ్లు ఉడకబెట్టాను, స్టవ్ ఆర్పేశాను. నిన్ను లేపను.

అక్క